స్టేబుల్‌లోకి పంపే ముందు

బుజ్జీ,

స్టేబుల్ రిలీజులు, అంటే జనం రోజూ నమ్మి వాడే వెర్షన్లు, ఇక నువ్వే చూస్తావని మీ అమ్మ చెప్పింది. సంతోషం ఎంతో, బెంగా అంతే.

బ్రాంచ్ వేరుగా పెట్టుకోవడం, ఉన్న టెస్టులన్నీ నడపడం నీకు చెప్పక్కర్లేదు. కానీ బగ్‌ని ముందు పాత స్టేబుల్ బిల్డ్‌లో నీ కళ్లతో చూడు. దాన్ని పట్టే టెస్ట్ రాసి, ఫిక్స్ వేయకుండా నడుపు. ఫెయిలవ్వాలి. అక్కడే పాసైతే ఆ టెస్ట్ నీ బగ్‌ని తాకనే లేదన్నమాట.

ఫిక్స్ మెయిన్‌లోకి, అంటే వచ్చే వెర్షన్ తయారయ్యే బ్రాంచ్‌లోకి, వెళ్లాకే స్టేబుల్‌కి తీసుకురా. లేకపోతే వచ్చే వెర్షన్‌లో అదే బగ్ మళ్లీ లేస్తుంది. ఆ ఒక్క మార్పునే ఇటు తెచ్చే చెర్రీ-పిక్‌లో కాన్‌ఫ్లిక్ట్ రాలేదని మురిసిపోకు. గిట్ చూసేది లైన్లని, వాటి అర్థాన్ని కాదు. మెయిన్‌లో ఆ ఫంక్షన్‌ని, ఒకే డేటాని ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే లాక్ పట్టుకుని పిలుస్తుండొచ్చు, స్టేబుల్‌లో పట్టుకోకుండానే పిలుస్తుండొచ్చు. ప్యాచ్ చక్కగా అతుక్కుంటుంది, కంపైలూ అవుతుంది. లోడ్ పెరిగిన రోజు కూలుతుంది.

2006లో డెబియన్ లినక్స్‌లో ఏం జరిగిందో చదివావా? రహస్య కీలు చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌తో చూస్తే, విలువ పెట్టని మెమరీని వాడుతున్నారని హెచ్చరికలు వచ్చేవి. వాటిని ఆపడానికి ర్యాండమ్ సంఖ్యల కోడ్‌లో రెండుచోట్ల ఒకేలా కనిపించే లైన్లని కామెంట్ చేశారు, అంటే నడవకుండా ఆపేశారు. ఒకటి పోయినా నష్టం లేదు. రెండోదే, బయటినుంచి వచ్చే యాదృచ్ఛికతనంతా కలిపే లైను. అది పోయాక ర్యాండమ్ సంఖ్యలకి విత్తనంగా మిగిలింది, నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు, ప్రాసెస్ ఐడీ ఒక్కటే. దాని మామూలు హద్దు 32,768. అంటే ఒక రకం మెషీన్‌లో, ఒక రకం, ఒక సైజు కీలు ఎన్ని చేసినా అంతకు మించి వేరువేరుగా రావు.

హెచ్చరికలు ఆగాయి. కీ తయారైంది, లాగిన్ అయింది, సంతకం సరిపోయింది. ఒక్క కీని ఎంత తిరగేసినా లోపం ఎక్కడ తెలుస్తుంది? లక్ష కీలు చేసి, ఏ రెండైనా ఒకటేనా అని చూసుంటే దొరికిపోయేది. 2007లో వచ్చిన స్టేబుల్ వెర్షన్ ఎచ్‌లోకీ అదే వెళ్లింది. 2008 మేలో బయటపెట్టారు. ప్యాకేజీ మారిస్తే సరిపోలేదు, ఆ మధ్య చేసిన కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాల్సొచ్చింది.

అందుకే "వార్నింగ్ పోయింది" అని ఎవరైనా అంటే నాకు గుండె ఝల్లుమంటుంది. ప్యాచ్ తీసేసిన ప్రతి లైను దగ్గరా ఆగి, ఇది ఇంకేం పని చేస్తోందని అడుగు. ప్రశ్నలతో విసిగిస్తావన్న పేరొస్తే రానీ, నీకది కొత్తేం కాదుగా.

లినక్స్ కెర్నెల్ స్టేబుల్‌వాళ్లు ప్యాచ్ చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదంటారు. ఉబుంటులో మామూలుగా అప్‌డేట్ అందరికీ వెళ్లేముందు, పరీక్షకి పెట్టే ప్రపోజ్డ్‌లో కనీసం 7 రోజులు ఊరాలి. నువ్వూ ఊరనివ్వు. అప్‌గ్రేడ్‌ని ఖాళీ మెషీన్‌లో కాదు, పాత డేటా ఉన్నచోట పరీక్షించు, వెనక్కి దించీ చూడు. పరీక్షించిన బిల్డ్‌నే పంపు. మళ్లీ బిల్డ్ చేశావో, చూసింది ఒకటి, వెళ్లింది ఇంకొకటి.

మొదటి రిలీజ్ ఏ రోజో చెప్పు. ఆ రోజు ఫోన్ చేసి విసిగించన్లే, మర్నాడు చేస్తాను.

నీ మావయ్య