పాత విలువా, కొత్త విలువా: ఆడిట్ టేబుల్ గురించి మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌కి ఆడిట్ టేబుల్, అంటే డేటాలో ఎవరు ఏం మార్చారో రాసిపెట్టే టేబుల్, పెట్టే పని నీ మీద పడిందని రాశావు. అందులో పాత విలువ దాచాలా, కొత్త విలువ దాచాలా అని అడిగావు. కాలమ్ పేరు, పాత విలువ, కొత్త విలువ అని ఒకే టేబుల్ పెట్టి, మారిన ప్రతి కాలమ్‌కూ ఒక రో రాద్దామన్నావు. వద్దురా. వోచర్‌లో రూపాయల అంకె ఎవరు మార్చారంటే అది చిటికెలో చెబుతుంది, నిజమే. కానీ ఆడిటర్ వచ్చి, మార్చి 31 రాత్రికి ఆ వోచర్ మొత్తం ఎలా ఉందో చూపించమంటే ముక్కలన్నీ ఏరి అతికించాలి. పైగా తేదీలూ రూపాయలూ అన్నీ టెక్స్ట్ అయిపోతాయి. 03/04 అని ఉంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో ఎవరు తేలుస్తారు?

డబ్బుకు సంబంధించిన టేబుళ్లకు షాడో టేబుల్ పెట్టు. అవే కాలమ్‌లు, అవే టైపులు, అదనంగా ఎవరు, ఎప్పుడు, ఏం చేశారన్నవి. అసలు టేబుల్‌లో కాలమ్ చేర్చినప్పుడల్లా ఇక్కడా చేర్చాలి, ఆ చాకిరీ తప్పదు. సెట్టింగ్‌ల లాంటి వాటికి అంత అక్కర్లేదు. మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ కదా, 9.4 వెర్షన్ నుంచీ జేసన్‌బీ అని, ఏ ఆకారపు డేటానైనా పట్టే కాలమ్ టైపు ఉంది, రో మొత్తాన్ని అందులో పడెయ్.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. పాత విలువ ఒక్కటే దాస్తే చాలని చాలామంది అంటారు, కొత్తది ఎలాగూ అసలు టేబుల్‌లో ఉంటుందని. చోటు కలిసొస్తుంది, కాదనను. కానీ ఎవరైనా ట్రిగ్గర్‌ను (మార్పు జరగ్గానే తనంతట తానే ఆడిట్ రో రాసే కోడ్‌ను) ఆపేసి అసలు టేబుల్‌లో అంకె మార్చేస్తే నీకు తెలిసే దారేది? ఇన్సర్ట్‌కీ అప్‌డేట్‌కీ కొత్త రోను, డిలీట్‌కి పాత రోను దాచు. అప్పుడు ఆడిట్‌లోని చివరి రో అసలు రోతో సరిపోవాలి. సరిపోలేదంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ తేదీతో నమోదు చేయాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. కాబట్టి ఈ సరిచూపు రోజూ రాత్రి నడిపించు. ఒకటి మరిచిపోకు: ట్రిగ్గర్ పెట్టే రోజున ఇప్పటికే ఉన్న రోలన్నిటినీ ఆడిట్‌లోకి ఒకసారి కాపీ చెయ్యి, లేకపోతే వాటి తొలి విలువలు ఎక్కడా ఉండవు.

మారిందో లేదో చూడ్డానికి నాట్ ఈక్వల్ గుర్తు వాడకు. నల్ (ఏ విలువా లేని ఖాళీ) నుంచి విలువకు మారితే అది పట్టుకోదు, ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ వాడు. డేటాబేస్ యూజర్ పేరునూ నమ్ముకోకు. కనెక్షన్ పూల్‌లో, అంటే అందరూ పంచుకునే డేటాబేస్ కనెక్షన్లలో, అందరూ ఒకే పేరుతో వస్తారు, లాగిన్ అయిన మనిషి ఐడీని ట్రాన్సాక్షన్ మొదట్లోనే సెట్ లోకల్‌తో (ఆ ట్రాన్సాక్షన్ వరకే ఉండే సెట్టింగ్‌తో) పంపించు. పాస్‌వర్డ్ కాలమ్‌లు మాత్రం ఆడిట్‌లోకి రానీయకు.

ట్రిగ్గర్ రాశాక ఒకసారి నాకు పంపు, చూస్తాను.

మీ మామయ్య