కామా పెట్టే ముందు క్రియ ఎక్కడుందో చూడు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం కులాసా. పాలకొల్లులో ఎండలు ముదిరిపోయాయి, కాలవలు కట్టేశారు. భీమవరంలో రొయ్యల ఎక్స్‌పోర్టు కంపెనీలో నిన్ను డాక్యుమెంటేషన్ సీట్లో కూర్చోబెట్టారని, బయటి దేశాల బయ్యర్లకు మెయిళ్లు రాసే పని నీదేనని మీ నాన్న చెప్పాడు. మంచి పని. నా సర్వీసంతా అలాంటి సీట్లోనే గడిచింది కాబట్టి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

నువ్వు చూడమని పంపిన మెయిళ్లు చదివాను. గ్రామర్ బాగుంది. స్పెల్లింగుల సంగతి కంప్యూటరే చూసుకుంటోంది. కామాలే, అక్షింతలు చల్లినట్టు ఎటు పడితే అటు పడ్డాయమ్మా.

నిన్ను అని లాభం లేదులే. ఊపిరి తీసుకునే చోట కామా పెట్టమని బళ్లో అందరికీ చెప్పేదే. తెలుగుకైతే అది చాలావరకు చెల్లుతుంది. ఎవరు ఎవరిని ఏం చేశారో మనకి విభక్తులే చెప్పేస్తాయి. ‘అని’, ‘అయితే’, ‘కాబట్టి’ వచ్చి అతుకు ఎక్కడుందో చూపిస్తాయి. చివర్న క్రియ రాగానే వాక్యం అయిపోయిందని తెలిసిపోతుంది. కామా అన్నదే లేని తాటాకుల మీద మనవాళ్లు భారత భాగవతాలు చదువుకున్నారు. ఇంగ్లీషుకి ఆ సౌకర్యం లేదు. ఏ మాట ముందుంది, ఏది వెనకుంది, మధ్యలో కామా ఉందా లేదా అని చూసుకునే అవతలివాడు అర్థం తీస్తాడు.

అంచేత ఊపిరి సంగతి వదిలెయ్. ముందు క్రియ ఎక్కడుందో వెతుకు. ఆ పని చేసిందెవరో చూడు. ఒకే వాక్యంలో అలాంటి జతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ఆ తర్వాతే కామా మీద చెయ్యి వెయ్యి.

(ఉదాహరణలు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఫోన్లో మాటిమాటికీ కీబోర్డు మార్చడం నా వల్ల కాదు. పైకి చదువుకో.)

నీ మొదటి మెయిల్లో ఇలా ఉంది: ‘ద పేమెంట్ ఫర్ ద మార్చ్ షిప్‌మెంట్, హాజ్ నాట్ రీచ్డ్ అస్.’ మార్చి సరుకు తాలూకు డబ్బు అన్నాక మన నోరు కాస్త ఆగుతుంది, నిజమే. కానీ రానిది ఆ పేమెంటే కదా. పేమెంటుకీ దాని క్రియకీ మధ్య ఒంటి కామా పడకూడదు. కర్త ఎంత పొడుగున్నా ఇంతే. మధ్యలో ఏదైనా ఇరికించి చెప్పాలనుకుంటే అటొకటి ఇటొకటి, రెండు కామాలు పెట్టు. ‘ద పేమెంట్, డ్యూ ఇన్ మార్చ్, హాజ్ నాట్ రీచ్డ్ అస్’ అను, ఎవరూ వంక పెట్టరు. ‘వి రిగ్రెట్ టు ఇన్‌ఫామ్ యూ, దట్’ అని రాశావు చూడు, అది మన ‘అని’ తెచ్చిన అలవాటు. ఆ ‘దట్’ ముందు కామా తీసెయ్.

ఇంకోటి, మన ఆఫీసుల్లో ఏ ఫైలు తిప్పినా కనిపించేది: ‘వి రిసీవ్డ్ యువర్ మెయిల్, వి విల్ సెండ్ ద డాక్యుమెంట్స్ టుమారో.’ ఇందులో క్రియ, కర్త జతలు రెండున్నాయి. అంటే రెండు పూర్తి వాక్యాలు. వాటిని కలిపి పట్టుకునే బలం ఒక్క కామాకి లేదు. తెలుగులో ‘మెయిల్ అందుకుని, రేపు పంపుతాం’ అని మొదటి క్రియని సగంలో ఆపి సాగిపోతాం కాబట్టి మన చెవికి తప్పు తోచదు. ఫుల్‌స్టాప్ పెట్టు, లేదంటే కామా పెట్టి ‘అండ్’ తగిలించు, అదీ కాకపోతే సెమీకోలన్. నన్నడిగితే ఫుల్‌స్టాపే పెట్టమంటాను. రెండు చిన్న వాక్యాలు రాసినందుకు ఏ బయ్యరూ కోప్పడడు.

‘హౌఎవర్’ దగ్గర బాగా చదువుకున్నవాళ్లు కూడా బోల్తాపడతారు. అది ‘బట్’ లాంటిది కాదు, రెండు వాక్యాలను కలపలేదు. ‘ద కంటైనర్ రీచ్డ్ వైజాగ్’ అని ఫుల్‌స్టాప్ పెట్టి, ‘హౌఎవర్’ తర్వాత కామా పెట్టి, ‘ద సీల్ వాజ్ బ్రోకెన్’ అని రాయి. ‘దేర్‌ఫోర్’ సంగతీ అంతే.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు, ఇందులో డబ్బుంది. ‘ద కార్టన్స్ విచ్ వర్ డ్యామేజ్డ్ వర్ రిటర్న్డ్’ అని కామాలు లేకుండా రాశావనుకో, చాలా పెట్టెల్లో పాడైనవి మాత్రమే తిప్పి పంపారని అర్థం. అదే వాక్యంలో ‘విచ్ వర్ డ్యామేజ్డ్’ అన్నదానికి అటూ ఇటూ కామాలు పెట్టావా, పెట్టెలన్నీ పాడయ్యాయి, అన్నీ వెనక్కొచ్చాయి అని అర్థం. అక్షరం మారలేదు, క్లెయిమ్ మొత్తం మారిపోయింది. కామాల మధ్య పెట్టింది తీసేసినా మనం ఎవరి గురించి, దేని గురించి మాట్లాడుతున్నామో తేడా రాకూడదు. తేడా వస్తోందంటే అక్కడ కామాలు పెట్టకూడదన్నమాట. ఇంట్లో మాట చెబుతాను. ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ అమలాపురం’ అని కామాలు లేకుండా నేను రాస్తే, నాకు ఇంకా తమ్ముళ్లున్నారనీ, అందులో అమలాపురంలో ఉండేవాడి సంగతి చెబుతున్నాననీ. కామాలు పెడితే ఉన్నది మీ నాన్న ఒక్కడే.

జాబితాల్లో చివరి ‘అండ్’ ముందు కామా ఉండాలా వద్దా అని అడిగావు. బ్రిటిష్ పేపర్లు ఎక్కువగా పెట్టవు, ఆక్స్‌ఫర్డ్ ప్రెస్‌వాళ్లు పెడతారు. అందుకే దానికి ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరొచ్చింది. అమెరికా పేపర్లు వదిలేస్తే పుస్తకాలవాళ్లు పెడతారు. నువ్వైతే పెట్టెయ్. ఎందుకంటావా? అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ అని ఒక పాల డెయిరీ ఉంది. ఏయే పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో ఆ రాష్ట్ర చట్టంలో వరసగా రాసి ఉంది. చేపల సరుకు కూడా అందులో ఉందిలే, మన వ్యాపారమే. ఆ వరస చివర్న ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది. ‘ఆర్’ ముందు కామా లేదు. డ్రైవర్లు ఏమన్నారంటే, అక్కడ చెప్పింది ప్యాకింగ్ ఒక్కటే, పంపడానికైనా పంచడానికైనా ప్యాకింగే. మేం ప్యాక్ చెయ్యం, బండి నడిపి సరుకు పంచుతాం, కాబట్టి మా ఓవర్‌టైమ్ మాకివ్వాలి అన్నారు. రాసినదాంట్లో స్పష్టత లేదని 2017లో బోస్టన్‌లోని అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపే మొగ్గింది. 2018లో డెయిరీ 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. కోర్టు తీర్పు వచ్చాక చట్టాన్ని సెమీకోలన్లు పెట్టి తిరగరాసుకున్నారు.

‘ఇఫ్’, ‘వెన్’ వాక్యం మొదట్లో వస్తే ఆ ముక్క అయిపోగానే కామా పెట్టు. చివర్న వస్తే అక్కర్లేదు. మొదట్లో ఉన్నప్పుడు మానేస్తే ఏమవుతుందో చూడు: ‘వెన్ ద వర్కర్స్ వాష్డ్ ద ట్యాంక్ ఓవర్‌ఫ్లోడ్.’ పనివాళ్లు ట్యాంకు కడిగారనుకుంటూ సగం దాకా వెళ్లి, మళ్లీ మొదటికి రావాలి. ‘వాష్డ్’ తర్వాత కామా పడితే కడుక్కున్నది వాళ్లు, పొంగింది ట్యాంకు.

ఉత్తరం మొదట్లో ‘డియర్ సర్’ తర్వాత కామా సరే. అమెరికావాళ్లు వ్యాపార ఉత్తరాల్లో అక్కడ కోలన్ పెడతారు, చూసి కంగారుపడకు. తేదీ మనలాగా రోజు, నెల, ఏడు వరసలో రాస్తే కామా అవసరమే లేదు.

చివరగా అంకెలు. ఇన్వాయిస్‌లో 12,50,000 అని మన అలవాటు ప్రకారం రాస్తే అవతలివాడు టైపింగ్ తప్పనుకుంటాడు. వాళ్లకి అది 1,250,000. కింద అక్షరాల్లో రాసేటప్పుడు కూడా లక్షలు రాయకు, మిలియన్లలోనే రాయి. జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్ బయ్యర్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మనం చుక్క పెట్టే చోట వాళ్లు కామా పెడతారు. 1,250 కిలోలని నువ్వు రాస్తే అక్కడ ఒకటింబావు కిలో అని చదివే వీలుంది. వాళ్లు 2,5 అని రాస్తే రెండున్నర. ఆ దేశాలకు పంపే కాగితాల్లో బరువు 1250 అని కామా లేకుండా రాసి, పక్కన కిలోలని రాయి. ప్యాకింగ్ లిస్టులోనూ ఇన్వాయిస్‌లోనూ ఒకేలా ఉందో లేదో చూసుకున్నాకే సంతకానికి పెట్టు.

వచ్చే ఆదివారం మీ పెద్దమ్మ పూతరేకులు పంపిస్తానంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న