కారులో పోలీసు రేడియో వినాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి సుధీర్‌కు మామయ్య ఆశీస్సులు.

మేము ఇక్కడ కొలంబస్‌లో క్షేమంగా ఉన్నాము. నువ్వు మరో రెండు నెలల్లో డాలస్ నుంచి ఇండియానాపొలిస్‌కు మకాం మారుస్తున్నావనీ, దారిలో వినడానికని పోలీసు రేడియో స్కానర్ ఒకటి కొన్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. పోలీసులు ఎక్కడ కాపు కాశారో ముందే తెలుస్తుందని సంబరపడుతున్నావట. ముప్పై ఏళ్లుగా ఈ పెట్టెలతో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి కనుక, ఆ మాట విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ ఆశ వదులుకో. రాడార్ పట్టుకుని వంతెన చాటున నిలబడ్డ అధికారి తన చోటు రేడియోలో చాటుకోడు. ఎవరినో ఆపిన తరువాతే నంబరు ప్లేటు, మైలు సంఖ్య కంట్రోల్ రూములోని డిస్పాచర్‌కు చెబుతాడు. అది నీ చెవిన పడేసరికి నువ్వు ఆ చోటు దాటిపోయి ఉంటావు, లేదా ఆపినది నీ బండినే అయి ఉంటుంది. స్కానర్ అక్కరకు వచ్చేది వేరే సంగతులకు: ముందు ఏ లేన్‌లో లారీ బోల్తాపడింది, ఏ వంతెన మీద మంచు పేరుకుంది, ఏ రోడ్డు మూసేశారు అన్నవి తెలుసుకోవడానికి.

ఇక చట్టం సంగతి కొంచెం ఓపికగా చదువు. రహస్య సంకేతాలతో మూసిపెట్టని (ఎన్‌క్రిప్ట్ చెయ్యని) పోలీసు ప్రసారాలను వినడాన్ని 1986 నాటి ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది; విన్నదాన్ని బయటపెట్టడం మీదా, స్వలాభానికి వాడుకోవడం మీదా 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టంలో ఆంక్షలు ఉన్నాయి. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. కానీ కారులో స్కానర్ ఉంచుకోవడం గురించి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. నాష్‌విల్‌లో స్నేహితుడి ఇంట ఆగుతానన్నావు కనుక నీ దారి టెక్సస్, ఆర్కన్సా, టెనెసీ, కెంటకీ, ఇండియానాల మీదుగా 900 మైళ్లకు పైగా సాగుతుంది, చివరి రెండు రాష్ట్రాలే నీకు చిక్కు తెచ్చేవి. పోలీసు ఫ్రీక్వెన్సీలు అందుకునే పరికరం వాహనంలో ఉండటాన్నే కెంటకీ చట్టం తప్పుపడుతుంది కనుక, ఆపేసి సీటు కింద పెట్టానన్న సమాధానం అక్కడ చెల్లదు. ఇండియానాలో ఇంట్లో కూర్చుని వినవచ్చు గాని, బండిలోనో చేతిలోనో పట్టుకు తిరిగే పరికరం నేరం కిందికి వస్తుంది. ఫ్లోరిడా, న్యూయార్క్‌లదీ ఇంచుమించు ఇదే ధోరణి. న్యూయార్క్‌లో అయితే వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా రాసిపెట్టి ఉన్నాయి. జరిమానా కట్టేస్తే సరిపోతుందని నువ్వు అనుకోవచ్చు. వీసా స్టాంపింగ్‌కు వెళ్లేటప్పుడు నింపే డీఎస్-160 దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది, గుర్తుంచుకో. చట్టాలు మారుతుంటాయి కనుక బయల్దేరే వారంలో ఆ ఐదు రాష్ట్రాల చట్టాల పాఠాన్నీ నువ్వే స్వయంగా చదువుకో. నా మాటతో సరిపెట్టుకోవద్దు.

దీనికి ఒక రాజమార్గం ఉంది, అది హ్యామ్ లైసెన్సు, అంటే సరదా కోసం సొంతంగా రేడియో ప్రసారాలు చేసుకునేవారికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. నేను చెప్పిన నాలుగు రాష్ట్రాల చట్టాలూ హ్యామ్ లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తున్నాయి. హ్యామ్‌ల రేడియోలు పోలీసు ఫ్రీక్వెన్సీలను కూడా అందుకోగలవన్న కారణంతో రాష్ట్రాలు వారిని అడ్డుకోకూడదని 1993లోనే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చింది. అమెరికా పౌరసత్వం లేకపోయినా, విదేశీ ప్రభుత్వ ప్రతినిధివి కాకుండా ఉండి, ఇక్కడ ఉత్తరాలు అందుకునే చిరునామా ఉంటే పరీక్ష రాయవచ్చు. మొదటి మెట్టయిన టెక్నీషియన్ స్థాయి పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరైన జవాబులు చాలు, ప్రశ్నల నిధి మొత్తం ముందే అందరికీ అందుబాటులో ఉంటుంది, కమిషన్‌కు కట్టే రుసుము 35 డాలర్లు, లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. నేను హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో చుక్కలు, గీతల మోర్స్ సంకేతాలు కొట్టడం నేర్చుకున్న రోజుల్లో చేతులు నొప్పి పుట్టేవి. ఇప్పుడు ఇక్కడ మోర్స్ అవసరమే లేదు. ఒకసారి అర్ధరాత్రి హైవే మీద ఒక అధికారి నా కారు పైనున్న యాంటెన్నాను చూసి ఆపాడు. లైసెన్సు నకలు చేతికిచ్చాను, టార్చి వెలుగులో చదివి పంపించేశాడు. ఆ కాగితం లేకపోతే ఆ రాత్రి ఎలా గడిచేదో నేను ఊహించదలచుకోలేదు. రెండు నెలల్లో పరీక్ష కుదరకపోతే మాత్రం స్కానర్‌ను పెట్టెలో సర్ది కొత్త ఇంటి చిరునామాకు పార్సిల్ చేసి, నువ్వు వాతావరణ రేడియోతో ప్రయాణం చెయ్యి. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు చానళ్లలో రాత్రింబవళ్లు వినిపించే ఆ హెచ్చరికలకు ఎవరి అభ్యంతరమూ ఉండదు. వసంతకాలంలో ఆర్కన్సా, టెనెసీ దాటేవాడికి పోలీసు మాటలకన్నా సుడిగాలి హెచ్చరికే ముఖ్యమని నా అభిప్రాయం.

లైసెన్సు వచ్చిందనుకుందాం. అప్పుడు అసలు పని బయల్దేరేముందు రోజు, బండి కదలకుండా ఉన్నప్పుడు జరగాలి. పాతకాలంలో ఒక ఊరికి ఒక ఫ్రీక్వెన్సీ ఉండేది, తిప్పి పెట్టుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఆర్కన్సాలో ఏవిన్, టెనెసీలో టాకన్, ఇండియానాలో సేఫ్-టీ అనే రాష్ట్రవ్యాప్త డిజిటల్ వ్యవస్థలు ఉన్నాయి. వాటిలో ఒక కంప్యూటర్ ప్రతి మాటకూ అప్పటికప్పుడు ఖాళీ చానల్ కేటాయిస్తుంది కనుక, నువ్వు వెంటాడవలసింది ఫ్రీక్వెన్సీని కాదు, ఒక బృందానికి ఇచ్చిన టాక్‌గ్రూప్ సంఖ్యను. అన్నీ ఎక్కిస్తే గోలే మిగులుతుంది. ఒక్కో కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, రాష్ట్ర హైవే పోలీసులు, కౌంటీ షెరీఫ్, అగ్నిమాపక దళం చాలు. జైలువాళ్లవీ, మున్సిపాలిటీ చెత్త బళ్లవీ టాక్‌గ్రూపులను నిర్దాక్షిణ్యంగా తీసెయ్యి. జీపీఎస్ తగిలిస్తే కౌంటీ మారినప్పుడల్లా స్కానరే జాబితా మార్చుకుంటుంది. నగరాల దగ్గర ఒకే మాట నాలుగు టవర్ల నుంచి వెంట్రుకవాసి తేడాతో వచ్చి ముద్దముద్దగా వినిపించడం పరిపాటి. ఆ జబ్బుకు మందుగా 2018లో వచ్చినదే యూనిడెన్ ఎస్‌డీఎస్ 100 అనే స్కానర్. పాత నమూనా అయితే మాత్రం యాంటెన్నాను ఎంత మార్చినా ప్రయోజనం అంతంతమాత్రమే.

బండి నడుపుతూ మీట నొక్కవద్దు. ఇయర్‌ఫోన్లు అసలే వద్దు. శబ్దం మాటలు పోల్చుకునేంత ఉంటే చాలు, అర్థం కాని మాటను వెంటాడవద్దు. ఒక్క విద్య మాత్రం నేర్చుకో: ఇంటర్‌స్టేట్ మైలు సంఖ్యలు రాష్ట్రపు దక్షిణ సరిహద్దు నుంచో పడమటి సరిహద్దు నుంచో మొదలవుతాయి. కెంటకీలో 65వ నంబరు రహదారి టెనెసీ సరిహద్దు దగ్గర సున్నాతో మొదలై ఒహాయో నది దగ్గర 137తో ముగుస్తుంది. “నార్త్‌బౌండ్, మైల్‌మార్కర్ 91, ఎడమ లేన్ మూత” అని వినిపించినప్పుడు నువ్వు 70 దగ్గర ఉన్నావంటే, తరువాతి ఎగ్జిట్‌లో కాఫీ తాగడమే ఉత్తమం.

నా తప్పొకటి చెబుతాను. కొత్తలో, మా వీధికి దగ్గరలోనే అగ్నిప్రమాదమని స్కానర్‌లో విని, ఉత్సాహం ఆపుకోలేక కారేసుకుని వెళ్లాను. వెనుక వచ్చిన ఫైరింజను మలుపు తిరగలేక నా కారు జరిగేదాకా ఆగవలసి వచ్చింది. డ్రైవరు నన్ను తిట్టనైనా తిట్టలేదు, చూశాడంతే. అప్పటి నుంచి విన్న చోటికి వెళ్లను. విన్న పేర్లు, ఇంటి నంబర్లు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పను. నువ్వూ వాటిని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు.

చాలాచోట్ల నీకు నిశ్శబ్దమే ఎదురవుతుందని కూడా తెలుసుకో. 1928లో డెట్రాయిట్ పోలీసులు మొదటిసారి గస్తీ కార్లకు రేడియో ప్రసారం మొదలుపెట్టినప్పుడు ఇళ్లలో రేడియోలున్నవాళ్లు కూడా వినేవారు; 2022లో షికాగో, 2023 నుంచి న్యూయార్క్ తమ సంభాషణలను సంకేతాలతో మూసెయ్యడం మొదలుపెట్టాయి. ఏ స్కానరూ వాటిని విప్పజాలదు, విప్పుతానని అమ్మజూపేవాణ్ణి నమ్మవద్దు. సెలవుల్లో మన ఊరు వెళ్లేటప్పుడు ఈ పెట్టెను సామానులో పెట్టుకోవద్దు. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే అక్కడ 1933 నాటి చట్టం నుంచీ నేరం.

నా దగ్గర కారు పైకప్పుకు అతికే అయస్కాంతపు యాంటెన్నా ఒకటి అదనంగా ఉంది. పరీక్ష పాసయ్యానని నువ్వు ఫోను చేసిన రోజే దాన్ని పోస్టులో వేస్తాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య