ఫ్రాంచైజీ ఇచ్చే ముందు అవతలివాడి లెక్క నువ్వు రాసి చూడు

చిట్టీ,

నిన్న ఫోన్‌లో నువ్వంత సంబరంగా చెబుతుంటే నాకు నోరు రాలేదు. కరీంనగర్ నుంచి ఎవరో వచ్చి, నీ టిఫిన్ సెంటర్ పేరు పెట్టుకుంటాను, అయిదు లక్షలు ఇస్తానంటే సంబరం కాక ఏముంటుంది? మీ పెదనాన్న కూడా పక్కనుంచి "ఇప్పుడే నీళ్లు చల్లకు" అని సైగ చేశారు. అందుకే తెల్లారాక కూర్చుని రాస్తున్నాను.

నెలకి 6 లక్షల అమ్మకం, అన్నీ పోను 1,60,000 మిగులుతోందన్నావు. బాగుంది. కానీ కూకట్‌పల్లిలో ఆ షట్టర్ మీ మామగారిది, నీకు అద్దె లేదు. నాలుగింటికి లేచి పిండి చూసేదీ, రాత్రి గల్లా లెక్కపెట్టేదీ నువ్వే. నీకు జీతం లేదు. ఇడ్లీలోకి కారప్పొడి చేసేది మీ అత్తగారు. ఆవిడకి థాంక్స్ కూడా లేదు, నాకు తెలుసు.

ఇప్పుడు నీ దగ్గర పేరు తీసుకున్నవాడి లెక్క రాయి. అద్దె 60,000. నీ పనికి ఒక మేనేజర్, 30,000. అత్తగారి పనికి 15,000. ఇక మిగిలేది 55,000. నీ పేరు వాడుకున్నందుకు నెలనెలా అమ్మకం మీద ఆరు శాతం రాయల్టీ అడుగుతానన్నావు కదా, అది 36,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, 6,480. టిఫిన్ల మీద 5 శాతం పన్ను కట్టేవాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే తాము ఇచ్చిన జీఎస్టీని కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, రాదు కాబట్టి ఆ డబ్బు వాడికి తిరిగి రాదు. చివరికి వాడి చేతిలో 12,520. నీకిచ్చే అయిదు లక్షలూ కలిపి వాడు 15 లక్షలు పెట్టాడనుకో, అసలు రావడానికే దాదాపు పదేళ్లు. అది కూడా మొదటి నెల నుంచే నీ అంత గిరాకీ ఉంటే.

అలాంటివాడు ఏం చేస్తాడో నేను చూశాను. 2009లో చిక్కడపల్లిలో మా హోటల్ జోరుగా నడుస్తున్నప్పుడు, వనస్థలిపురంలో తెలిసినాయనకి మా పేరు ఇచ్చాం. కాగితం లేదు, మాట మీదే. నాలుగు నెలలు బాగానే సాగింది. ఒకరోజు మా పాత కస్టమర్ ఒకాయన వచ్చి, "అక్కడ కూడా మీదేగా అమ్మా, చట్నీ ఏంటి అలా ఉంది?" అన్నారు. చెప్పకుండా వెళ్లి చూశాను. పల్లీలు సగానికి తగ్గించి పుట్నాలు పోస్తున్నాడు. వడల మూకుడులో పల్లీ నూనె బదులు పామాయిల్. అక్కడే నానా మాటలూ అన్నాను. ఏళ్లపాటు తిట్టుకున్నాను కూడా. చాలా తర్వాత ఆయన లెక్క నేను రాసి చూస్తే, మేం చెప్పిన రేట్లతో ఆయనకి మిగిలేది ఏమీ లేదు. పుట్నాలు పోసింది ఆయనే, కానీ పోయించింది నేనే.

కాబట్టి రాయల్టీ తగ్గించు, లేదా అసలు వద్దను. పిండి, కారప్పొడి నువ్వే చేసి పంపు, అందులో నీ లాభం చూసుకో. దీనికి ఇంకో సుఖం ఉంది. 40 గ్రాముల ఇడ్లీ అయితే కిలో పిండికి పాతిక వస్తాయి. ఎంత పిండి పంపావో తెలిస్తే ఎంత అమ్మాడో తెలిసిపోతుంది. మా వీధిలో టీ కొట్టు పేరు ఫ్రాంచైజీకి ఇచ్చినావిడ శాతం మీద నమ్మకం పెట్టుకుంటే, గల్లా దగ్గర రెండో క్యూఆర్ కోడ్ తేలింది. అది ఆ పేరు తీసుకున్నవాడి బామ్మర్దిదట, సగం అమ్మకం లెక్కలోకే రాలేదు!

నీళ్ల సంగతి కూడా చూసుకో. ఉప్పల్‌లో మేమే రెండో హోటల్ పెట్టినప్పుడు అదే మాస్టర్, అదే కందిపప్పు, కానీ సాంబారు కుదిరేది కాదు. మూడు వారాలు మాస్టర్‌ని అనుమానించాం. చూస్తే అక్కడ బోరు నీళ్లు. పప్పు ఉడక్క, పాపం ఆయన చిటికెడు తినే సోడా వేస్తున్నాడు.

కాగితాల విషయం. మన దేశంలో ఫ్రాంచైజీకని విడిగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టంతోనే నడిపించుకోవాలి. అందుకని ముందు పేరు రిజిస్టర్ చేయించు. ట్రేడ్‌మార్క్‌లో ఒక్కో రకం వ్యాపారానికి ఒక్కో క్లాసు నంబరు ఉంటుంది: హోటల్‌కి 43, పొడికి 30. ఆన్‌లైన్‌లో అయితే చిన్న వ్యాపారులకి క్లాసుకి 4,500 ఫీజు, రిజిస్టర్ అయితే పదేళ్లు ఉంటుంది. నీ పేరు మీద చేయించు, మీ ఆయన పేరు మీద కాదు. హైదరాబాద్‌లో వీధికో "స్వగృహ" ఉంది, ఏది ఎవరిదో కొనేవాళ్లకి తెలియదు. నీ బోర్డు కూడా అలా అయిపోతే అమ్మడానికి నీ దగ్గర ఏముంటుంది?

"మానేశాక మూడేళ్లు టిఫిన్ వ్యాపారం చేయకూడదు" అని అగ్రిమెంట్‌లో రాయించి నిశ్చింతగా పడుకోకు. కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ వల్ల అలాంటి షరతు మామూలుగా కోర్టులో నిలబడదు. పొడి కొలతలు మాత్రం ఎవరికీ చెప్పకు. ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం, అదే తిండి వ్యాపారానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అది కూడా ఏ షాపుకి ఆ షాపుకే ఉండాలి, నీది చూపిస్తే కుదరదు.

కరీంనగర్ ఆయనకి ఏడాది ఆగమని చెప్పు. ఈలోపు మియాపూర్-ఎల్బీనగర్ మెట్రో లైన్ పక్కనే ఒకరికి ఇచ్చి చూడు, పొద్దున ఏడింటికి చెప్పాపెట్టకుండా వెళ్లి చట్నీ నాకి రావచ్చు.

ఆదివారం ఖర్చుల పుస్తకం పట్టుకుని రా. ఆ అద్దె, జీతాల అంకెలు నేను ఉజ్జాయింపుగా వేశాను, అసలువి రాద్దాం. వస్తూ పొడి తీసుకురా. మీ పెదనాన్నకి వెల్లుల్లి పడట్లేదు, అది వేయకుండా చేయమని అత్తగారికి చెప్పు.

మీ పెద్దమ్మ