తీపి పచ్చడిలో బలమెంత?

ప్రశ్న: మా అత్తమ్మ ఎండాకాలం రాగానే కోడూరు మామిడికాయలు తెప్పించి తురిమి, సమానంగా బెల్లం వేసి ఉడికించి, మిరప్పొడి, జీలకర్రపొడి కలిపి జాడీకెత్తుతుంది. మా ఆయనకు షుగర్. జొన్నరొట్టెలోకి రెండు గరిటెలు వేసి, ‘బెల్లమే కదమ్మా, పైగా కాయ, బలం’ అంటుంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అత్తమ్మ చేతి రుచికి వంక పెట్టలేం గానీ, లెక్క మాత్రం ఆమె వైపు లేదు. కిలో తురుముకు కిలో బెల్లం వేసి, నీరంతా ఇగిరేదాకా ఉడికిస్తే జాడీలో మిగిలేదాంట్లో సగానికి పైగా చక్కెరే, అంటే పెద్ద చెంచాడు (20 గ్రాములు అనుకోండి) వేసుకుంటే 10 గ్రాములకు పైనే లోపలికి పోతుంది. బెల్లంలో ఇనుము ఉంది, కాదనను, కానీ చెంచాడుతో వచ్చేది లెక్కలోకి రాదు, రక్తంలో షుగర్‌ను మాత్రం పంచదారలాగే పెంచుతుంది. పచ్చికాయలో సి విటమిన్ బాగానే ఉంటుంది, పొయ్యి మీద చాలావరకు పోతుంది, జాడీలో నెలలు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మిగిలేది కాస్త పీచు. ఆవకాయలా నూనె తేలదు, అదొక్కటే మేలు.

రోజుకు విడి చక్కెర (బెల్లమూ ఇందులోకే వస్తుంది) 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మామూలు వాళ్లకే. మీ ఆయనకు గరిటె తీసేసి టీ చెంచా పెట్టండి, అదీ ఎప్పుడో ఒకసారి. పులుపు మీద మనసైతే మామిడికాయ పప్పు చేసి పెట్టండి, అత్తమ్మా కాదనదు.