గ్రాంటు నివేదికలో గడి మారితే లెక్క ఎక్కడ మారుతుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద. అమెరికాలో పేదరికం తగ్గించడానికి ఇచ్చే కమ్యూనిటీ సర్వీసెస్ బ్లాక్ గ్రాంటు, వాడుకలో సి.ఎస్.బి.జి., వార్షిక నివేదిక ఫారంలో మార్పులు. రాసినవారిలో ఆ డబ్బుతో స్థానికంగా కార్యక్రమాలు నడిపే కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీల ఉద్యోగులున్నారు, బోర్డు సభ్యులూ ఉన్నారు.

ప్రశ్న: "నివేదిక ఫారం మారుతోంది, అభిప్రాయాలు పంపండి" అని మా రాష్ట్ర కార్యాలయం మెయిలు పెట్టింది. అస్తమానం ఎందుకు మారుస్తారు? మేం రాసింది ఎవరైనా చదువుతారా?

పది మందిని గానీ పది సంస్థలను గానీ, అంతకు మించి గానీ ఒకే రకం ప్రశ్నలు అడగాలంటే ఫెడరల్ శాఖ ముందుగా ఒ.ఎం.బి. (అధ్యక్షుడి బడ్జెట్ కార్యాలయం) అనుమతి తీసుకోవాలి. 1995 నాటి పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం పెట్టిన నియమం ఇది. ఒకసారి ఇచ్చిన అనుమతి మూడేళ్ళకు మించి చెల్లదు. అందుకే ఏ మార్పూ అక్కర్లేకపోయినా ఫారం తిరిగి బల్ల మీదికి వస్తుంది. ఎలాగూ వచ్చింది కదా అని నాలుగు గడులు మారుస్తారు.

వరస ఇలా ఉంటుంది. మొదట ఫెడరల్ రిజిస్టర్‌లో (కేంద్ర ప్రభుత్వ గెజిట్) 60 రోజుల నోటీసు. వచ్చిన అభిప్రాయాలు చూసి, ఫారం సవరించి ఒ.ఎం.బి.కి పంపుతూ 30 రోజుల రెండో నోటీసు. మీ బలమంతా మొదటి నోటీసు మీదే పెట్టండి. రెండోది వచ్చేసరికి ఫారం దాదాపు గట్టిపడిపోయి ఉంటుంది.

ఫలితాలు చూపించే బాధ్యత మాత్రం ఎవరూ తీసెయ్యలేరు. 1998లో సవరించిన సి.ఎస్.బి.జి. చట్టం ప్రతి రాష్ట్రమూ 2001 అక్టోబర్ 1 నాటికి ఒక పనితీరు కొలత పద్ధతిలో చేరాలని చెప్పింది. మీరు ఏజెన్సీలో 'రోమా' అని పిలుచుకునేది అలాంటి పద్ధతే. ఫలితం చూపమన్నది చట్టం. ఏ గడిలో, ఏ మాటలతో చూపాలన్నది ఫారం. మీరు మాట్లాడగలిగేది రెండోదాని గురించే. "ఈ నివేదికలే వద్దు" అని రాసిన ఉత్తరం అందుకే దారి ఖర్చు కూడా రాబట్టదు.

నోటీసు నాలుగు సంగతులు అడుగుతుంది: ఈ సమాచారం నిజంగా పనికొస్తుందా, గంటల అంచనా సరైనదేనా, ప్రశ్నలు స్పష్టంగా ఉన్నాయా, భారం తగ్గించే మార్గముందా. మీ జవాబు ఈ నాలుగింటి కిందా విడివిడిగా ఉండాలి. సూచిక (ఫలితాన్ని కొలిచే ఒక్కో అంశం) నంబరు రాయండి, ఇప్పుడున్న వాక్యం రాయండి, దాన్ని చదివి కేస్ వర్కర్ ఏం చేస్తున్నారో రాయండి, మీరు కోరే వాక్యం రాయండి. "భారం ఎక్కువ" అన్న ఒక్క మాటతో వాళ్ళకు చేయడానికి ఏమీ ఉండదు.

గంటల అంచనా దగ్గరే ఏజెన్సీలు బాగా నష్టపోతాయి. నివేదిక కూర్చి అప్‌లోడ్ చేసిన గంటలే లెక్కేసి, ఏడాది పొడుగునా కౌంటర్ దగ్గర పోయిన నిమిషాలు వదిలేస్తాయి. అర్జీ ఫారంలో ఒక కొత్త ప్రశ్న చేరిందనుకోండి. అడగడానికి, అర్థమయ్యేట్టు చెప్పడానికి, టైపు చెయ్యడానికి కలిపి రెండు నిమిషాలు. ఏడాదికి 6,000 కుటుంబాలు వస్తే 12,000 నిమిషాలు, అంటే 200 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఒక మనిషికి ఐదు వారాల పని. దీనికి సాఫ్ట్‌వేర్ మార్పు, సిబ్బంది శిక్షణ కలపాలి. రెండు వారాలపాటు నిజంగా గడియారం పెట్టి కొలిచి ఆ అంకె పంపండి.

ప్రశ్న: నేను బోర్డు సభ్యురాలిని. ఉద్యోగ శిక్షణ కార్యక్రమంలో 95 శాతం సాధించామని డైరెక్టర్ చూపించారు. అదే పేజీలో ఇంకోచోట 38 శాతం అని ఉంది. ఏది నమ్మాలి?

రెండూ నిజమే, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. కుటుంబ స్థాయి సూచికల పట్టికలో ఐదు నిలువు వరసలుంటాయి: కార్యక్రమంలో ఉన్నవారు, లక్ష్యం, వచ్చిన ఫలితం, ఫలితం పొందినవారి శాతం, లక్ష్యం ఎంత సరిగ్గా అంచనా వేశారన్న శాతం. చివరి రెండూ గుణకారం, భాగహారమే. మూడోదాన్ని మొదటిదానితో భాగిస్తే నాలుగోది, రెండోదానితో భాగిస్తే ఐదోది.

మీ ఏజెన్సీలో 100 మంది చేరారు, 40 మందికి ఉద్యోగం వస్తుందని లక్ష్యం రాశారు, 38 మందికి వచ్చింది అనుకుందాం. నాలుగో వరసలో 38 శాతం, ఐదో వరసలో 95 శాతం పడతాయి. ఇంకో ఏజెన్సీలో 40 మందే చేరారు, లక్ష్యం 20, ఫలితం అదే 38. అక్కడ నాలుగో వరస 95, ఐదో వరస 190. ఉద్యోగం వచ్చినవాళ్ళు రెండుచోట్లా 38 మందే. ఐదో వరస 190 ఉన్నవాళ్ళు గొప్పవాళ్ళు కారు, లక్ష్యం పెట్టడం రానివాళ్ళు. సాధారణంగా 80 నుంచి 120 మధ్య ఉంటే అంచనా బాగుందంటారు. ప్రతి ఏడాదీ అచ్చంగా 100 వస్తోందంటే మాత్రం, ఫలితం వచ్చాక కూర్చుని లక్ష్యం రాస్తున్నారేమోనని నేనైతే అనుమానిస్తాను. లక్ష్యం ఏ తేదీన డేటాబేస్‌లోకి ఎక్కిందో అడగండి.

ఇక ఫారం సవరించేటప్పుడు మీరు కన్నేసి ఉంచాల్సింది మొదటి వరస నిర్వచనం మీద. 'చేరినవారు' అన్న మాట తీసి 'శిక్షణ పూర్తిచేసినవారు' అని రాశారనుకోండి. మీ 100 మందిలో 25 మంది మొదటి వారమే మానేసి ఉంటే భాగించే అంకె 75 అవుతుంది. 38 శాతం కాస్తా 51 శాతం దగ్గరికి ఎగబాకుతుంది. ఒక్కరికి కూడా కొత్తగా ఉద్యోగం రాలేదు. పైగా ఆ పాతిక మంది ఎందుకు మానేశారన్న ప్రశ్న పట్టికలోంచే మాయమైపోతుంది. బస్సు లేకనా, పిల్లల్ని చూసేవాళ్ళు లేకనా అని బోర్డు అడగాల్సింది ఆ ప్రశ్నే. మీ బోర్డులో కనీసం మూడో వంతు పేదల ప్రతినిధులు ఉండాలని చట్టం పెట్టింది ఇలాంటిది అడుగుతారనే.

ప్రశ్న: ఒక్క మనిషినే రెండుమూడుసార్లు లెక్కపెట్టామని రాష్ట్రం మా నివేదిక వెనక్కి పంపింది. ఎలా సరిచెయ్యాలి?

ఏజెన్సీ నడిపే కార్యక్రమాల్లో సి.ఎస్.బి.జి. డబ్బు ఒక పాయ మాత్రమే. హెడ్ స్టార్ట్‌కు (పేద కుటుంబాల చిన్నపిల్లల బడి కార్యక్రమం) ఒక డేటాబేస్, కరెంటు, గ్యాసు బిల్లుల సాయానికి రాష్ట్రం ఇచ్చిన ఇంకొకటి, ఇళ్ళ మరమ్మతుకు మరొకటి ఉంటాయి. ఒకటి పిల్లల్ని లెక్కిస్తుంది, ఒకటి ఇళ్ళను లెక్కిస్తుంది. వార్షిక నివేదికలో మాత్రం ఇవన్నీ కలిసిన మనుషుల సంఖ్య, కుటుంబాల సంఖ్య కావాలి. అడ్డంగా కూడేస్తే తప్పు తప్పదు.

ఒకావిడ జనవరిలో హీటింగ్ బిల్లు కోసం వచ్చారు. మార్చిలో ఆవిడ కొడుకు హెడ్ స్టార్ట్‌లో చేరాడు. జూన్‌లో ఆవిడ పెళ్ళి చేసుకుని, మారిన ఇంటిపేరుతో ఉద్యోగ శిక్షణకు వచ్చారు. సేవల పట్టికలో ఇవి మూడు వేర్వేరు సేవలు, మూడూ పడాలి. లక్షణాల పట్టికలో (వయసు, చదువు, ఆదాయం ఉండేది) తల్లి ఒక్కసారి, కొడుకు ఒక్కసారి, కుటుంబం ఒకటి. మీ దగ్గర బహుశా ముగ్గురు తల్లులు, మూడు కుటుంబాలు పడి ఉంటాయి.

పేరు మీద ఆధారపడకండి. మన తెలుగు పేర్లే చూడండి, ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మూడోదాంట్లో ఉత్త పొడి అక్షరం. పుట్టినతేదీ, పేరులో మొదటి మూడు అక్షరాలు, చిరునామాలోని ఇంటి నంబరు కలిపి పోల్చండి. ఈ మూడింటిలో రెండు కలిస్తే అది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు. శరణార్థుల్లో చాలామంది పుట్టినతేదీ జనవరి 1 అని నమోదై ఉంటుంది. యంత్రానికి వదిలేస్తే వేర్వేరు మనుషుల్ని ఒకటి చేసేస్తుంది. అనుమానం జాబితాను ఒక మనిషి కళ్ళతో చూడాలి. ఈ పని నెలకోసారి చేస్తే గంటల్లో అయిపోతుంది. ఏడాది చివర మొదలుపెడితే జవాబు చెప్పాల్సిన కేస్ వర్కర్ అప్పటికి ఉద్యోగం మారిపోయి ఉంటారు. డేటాబేస్‌లో మనిషికి ఒక గుర్తింపు నంబరు, ఇంటికి ఒక గుర్తింపు నంబరు విడిగా ఇవ్వండి. ఇల్లు మారితే ఇంటి నంబరే మారాలి, మనిషి నంబరు కాదు.

ప్రశ్న: మా క్లయింట్ల పేర్లు వాషింగ్టన్‌కు వెళతాయా? కొందరు భయపడి వివరాలు చెప్పడం లేదు.

వార్షిక నివేదికలో మొత్తాలే వెళతాయి, పేర్లు కాదు. పేర్లు మీ డేటాబేస్‌లోనే ఉంటాయి. తనిఖీకి వచ్చిన రాష్ట్ర అధికారులు మాత్రం ఫైళ్ళు తెరిచి చూడగలరు. ప్రతి ఏజెన్సీనీ మూడేళ్ళకు ఒకసారైనా వచ్చి పూర్తిగా తనిఖీ చేయాలని చట్టం. ఈ రెండు మాటలూ అర్జీ ఫారం మీదే వాళ్ళ భాషలో రాసి పెట్టండి. చెప్పనివారికి 'తెలియదు' అన్న గడి ఉంది, ఊహించి నింపకండి.

ప్రశ్న: కొత్త సూచికలు ఏడాది మధ్యలో తెలిశాయి. పాత లెక్కలు ఏం చెయ్యాలి?

ముందు ఒక పట్టిక గియ్యండి. ఎడమ పక్క పాత సూచికలు, కుడి పక్క కొత్తవి. ప్రతిదానికీ మూడే జవాబులు: మాట మారినా అర్థం అదే, అర్థం కొంత మారింది, పూర్తిగా తీసేశారు. మొదటి రకాన్ని అలాగే ఎక్కించొచ్చు. మూడోదాన్ని నివేదిక కోసం ఆపెయ్యండి గానీ, మీకు పనికొస్తోందనుకుంటే లోపల కొలుస్తూనే ఉండండి. చిక్కంతా రెండో రకంతోనే. అక్కడ పాత అంకెను కొత్త గడిలోకి తోసెయ్యకండి. ఆ ఏడాదికీ ముందటి ఏడాదికీ మధ్య గీత గీసి, నిర్వచనం మారిన తేదీ రాయండి. లేకపోతే రెండేళ్ళ తర్వాత ఎవరో ఆ పెరుగుదలను విజయమని గ్రాఫ్ గీస్తారు.

సమయంతో ముడిపడిన సూచికలను విడిగా చూసుకోండి. ఉద్యోగం 90 రోజులు, 180 రోజులు నిలిచిందా అన్న సూచికలున్నాయి. మీ నివేదిక ఏడాది సెప్టెంబర్ 30తో ముగుస్తుంటే, జూలై 2 తర్వాత ఉద్యోగంలో చేరినవారికి ఆ ఏడాదిలో 90 రోజులు నిండవు. ఏప్రిల్ 3 తర్వాత చేరినవారికి 180 నిండవు. ఇది వాళ్ళ వైఫల్యం కాదు, క్యాలెండర్ సంగతి. చాలా ఏజెన్సీలు ఉద్యోగం రాగానే ఫైలు మూసేస్తాయి, ఆ తర్వాత ఫోన్ చేసేవాళ్ళుండరు, ఫలితం గాల్లో కలిసిపోతుంది. ఉద్యోగంలో చేరిన రోజే 90వ రోజు, 180వ రోజు తేదీలు ఫైల్లో వేసి, రెండో ఫోన్ నంబరు, అంటే అక్కదో స్నేహితురాలిదో, తీసుకుని పెట్టుకోండి. ఆర్నెల్లలో ఫోన్ నంబర్లు మారిపోతుంటాయి. కొత్త ఫారం 90ని 60 చేసినా 120 చేసినా, చేరిన తేదీ మీ దగ్గరుంటే ఏ లెక్కైనా తిరిగి వేసుకోవచ్చు. 'అవును', 'కాదు' అని మాత్రమే టిక్కు పెట్టి ఉంటే ఏమీ చెయ్యలేరు.