కార్డ్ పేరు వేరు, రోమన్ అంకె వేరు

ప్రశ్న: గిటార్ సాధనకు పనికొచ్చే చిన్న యాప్ రాస్తున్నాను. పాటలోని కార్డ్స్‌ను (కలిపి వాయించే స్వరాల గుంపులను) రోమన్ అంకెల్లో, అంటే స్కేల్‌లో ఎన్నో స్వరం మీద కట్టిన కార్డో చెప్పే అంకెల్లో చూపించి, ఏ స్కేల్‌కైనా మార్చుకునేలా చేయాలని ఆశ. సి స్వరాన్ని 0గా తీసుకుని 11 వరకు పట్టిక వేశాను. సి మేజర్‌లో అంతా సరిగ్గానే ఉంది. స్కేల్ మారిస్తే కార్డ్స్ పేర్లు తప్పుతున్నాయి. మైనర్ పాటల్లో అంకెలే తప్పుతున్నాయి. పొరపాటు ఎక్కడ?

జవాబు: పట్టికలోనే. అందులో జి షార్ప్‌కూ (జి కన్నా ఒక మెట్టు పైన) ఎ ఫ్లాట్‌కూ (ఎ కన్నా ఒక మెట్టు కింద) ఒకటే సంఖ్య, 8. పియానో మీద రెండూ ఒకే మెట్టు కాబట్టి చెవికి తేడా తెలియదు, రాతలో మాత్రం తెలుస్తుంది. ఇ ఫ్లాట్ మేజర్‌లో నాలుగో స్వరం కావాలనుకోండి. ముందు అక్షరాలు లెక్కపెట్టండి: ఇ, ఎఫ్, జి, ఎ. అంటే అక్షరం ఎ. ఇప్పుడు దూరం చూడండి. మేజర్ స్కేల్‌లో నాలుగో స్వరం మొదటిదానికి 5 సెమీటోన్ల (మీ పట్టికలో 5 అంకెల) పైన ఉంటుంది. ఇ ఫ్లాట్ విలువ 3, దానికి 5 కలిపితే 8. మామూలు ఎ విలువ 9. ఒకటి తగ్గింది, కాబట్టి ఎ ఫ్లాట్. ముందు అక్షరం, తర్వాత దూరం: ఇలా లెక్క కట్టే ప్రోగ్రామ్ అక్కడ జి షార్ప్ అని రాయదు.

రోమన్ అంకెను ఒకే స్ట్రింగ్‌గా దాచకండి. స్వరస్థానం (1 నుంచి 7), దాని ముందు షార్ప్ లేదా ఫ్లాట్, కార్డ్ రకం, ఇన్వర్షన్ (కార్డ్‌లో ఏ స్వరం అడుగున ఉందన్నది) విడివిడిగా ఉండాలి. మేజర్‌కు పెద్దక్షరాలు, మైనర్‌కు చిన్నక్షరాలు అన్నది తెరమీద చూపించేటప్పటి పని.

మైనర్‌లో అసలు చిక్కు ఏడో స్థానానిది. ఎ మైనర్‌లో అది జి కావచ్చు, జి షార్ప్ కూడా కావచ్చు. జి మేజర్ వస్తే పెద్దక్షరాల ఏడు, జి షార్ప్ డిమినిష్డ్ వస్తే చిన్నక్షరాల ఏడు పక్కన చిన్న సున్నా. కొందరు మేజర్ స్కేల్‌నే కొలబద్దగా పెట్టుకుని అదే జి కార్డ్‌ను ‘ఫ్లాట్ ఏడు’ అంటారు. రెండూ చెల్లే పద్ధతులే. ఏది వాడారో ఫైల్‌లో తప్పక నమోదు చేయండి. లేకపోతే మరో ప్రోగ్రామ్ ఆ ఫ్లాట్‌ను ఇంకోసారి దించి జి ఫ్లాట్ వాయిస్తుంది.

ఇక సి మేజర్ పాటలో డి సెవెన్ వచ్చిందనుకోండి. వెంటనే జి వస్తే దాన్ని ‘ఐదుకు ఐదు’ (ఐదో స్థానమైన జికి ఐదో కార్డ్) అని రాయడం సబబు. ఎఫ్ వస్తే ఆ మాట నప్పదు, రెండో స్థానపు సెవెన్త్ అంటే చాలు. ఒంటరి కార్డ్‌ను చూసి ఏ ప్రోగ్రామూ ఇది తేల్చలేదు. అందుకే అసలు కార్డ్ పేరునూ స్కేల్‌నూ చెరపకుండా ఉంచి, అంకెను దిద్దుకునే వీలు వాడేవారికి ఇవ్వండి. వారు దిద్దినదాన్ని యాప్ మళ్లీ మార్చకూడదు.

పైథాన్‌లో రాస్తున్నారా? మ్యూజిక్21 లైబ్రరీకి రోమన్ అంకె, స్కేల్ ఇస్తే స్వరాలు చెబుతుంది. మైనర్‌లో ఆరు, ఏడు స్థానాలను ఎలా చదవాలో ఎంచుకునే వీలూ ఉంది. మీ లెక్కను ముందు దానితో సరిచూసుకోండి.